టోపీ తీసే చోటు

పామర్రులో పొద్దున్నే బస్సెక్కి, క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, పటమటలో దిగి డయానా టీచరింటికి నడవడం శౌరయ్యకి నాలుగు నెలలుగా అలవాటు. నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో వాయించినవాడు. ఆ జరీ టోపీ ఇప్పటికీ దించడు. కింద బట్టతలుందని ఎవరికీ తెలియకూడదంటాడు, అందరికీ తనే చెబుతూ.

టీచరుది పియానో. కుర్రాడు కిరీటిది చెల్లో, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్. ముగ్గురి కోసం డయానా కొత్తగా ఒక పాట కట్టింది. వేసవిలో కాలువకి నీళ్లు ఆపేసినట్టు, మధ్యలో క్లారినెట్, చెల్లో పదకొండు కౌంట్లు ఆగాలి. పియానో ఒక్కటే చుక్కచుక్కగా వినబడాలి.

చిక్కల్లా అక్కడే. శౌరయ్య నోట్లోంచి తీసేసినా ఆ క్లారినెట్ మోగుతూనే ఉంటుంది, తొక్కడం మానేసినా సైకిలు పోయినట్టు. ఊరేగింపుల్లో అదీ ఒక సుఖమే, ఆ కాసేపట్లో టీ తాగేవాడు. ఇంట్లో మాత్రం భార్య మార్త దాన్ని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టేది.

గురువారం డయానా పియానో మీంచి చేతులు తీసేసింది.

"బాబాయిగారూ, ఆదివారమే కచేరీ. ఇది ఇలాగే ఉంటే గన్నవరం నుంచి సింధూరిని పిలవక తప్పదండీ."

"పిలవండమ్మా. ఆ పిల్లకి కాలేజీలో ఆగడం కూడా నేర్పారు. మా బ్యాండు ఆగితే పెళ్లికొడుకు కారు దిగొచ్చేవాడు. శనివారం దాకా మాత్రం టైమివ్వండి."

"గుడ్డలు కుక్కి చూశారా?" అన్నాడు కిరీటి.

"చూశానయ్యా. ముక్కుతో పాడింది."

తిరిగి వెళుతుంటే పెట్టెలోంచి ఇంకా పాట వస్తూనే ఉంది. సందు మలుపులో ఒకింటి ముందు టెంటు, కుర్చీలు, లోపల శవం. చావింటి ముందు బ్యాండు ఆపి, టోపీలు తీసి నడవడం బ్యాండువాళ్ల పద్ధతి. శౌరయ్య చెయ్యి దానంతటదే టోపీ తీసింది. పెట్టె గప్‌చుప్ అయింది. టెంటు దాటి టోపీ పెట్టుకోగానే మళ్లీ అందుకుంది. వెనక్కి వచ్చాడు. ఆగింది. నాలుగోసారి వచ్చేసరికి ఆ ఇంటాయన కుర్చీ వేసి, మా నాన్నకి బాగా కావలసినవారాండీ అని అడిగాడు.

"ఇప్పుడయ్యానండీ" అన్నాడు శౌరయ్య నిజాయితీగా.

ఇంటికొచ్చి వాయించి టోపీ తీశాడు. క్లారినెట్ లెక్క చెయ్యలేదు. ఉత్త టోపీకి అది లొంగదు, పోయిన మనిషంటూ ఉండాలి. శుక్రవారమంతా తీశాడు, పెట్టాడు. శనివారం సాయంత్రం చూపు బియ్యం డబ్బా మీద పడింది. మార్త పోయిన రోజున వీధిలో వెళుతున్న పరాయి బ్యాండొకటి తన గుమ్మం ముందు టోపీలు తీసి, చప్పుడు లేకుండా దాటిపోయింది. ఆ బ్యాండువాళ్ల పేర్లయినా తెలియవు. డబ్బా వైపు చూస్తూనే టోపీ తీశాడు.

క్లారినెట్ ఆగింది. పదకొండు లెక్కపెట్టాడు. తెల్లారేదాకా మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు.

ఆదివారం ముందు వరసలో సింధూరి తన క్లారినెట్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూచుంది, అవసరం పడితే స్టేజీ ఎక్కడానికి. ఆ చోటు వచ్చింది. శౌరయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. లైట్ల కింద బట్టతల మెరిసింది. ఎవరో నవ్వబోయి మానేశారు. పియానో చుక్కచుక్కగా రాలింది. తొమ్మిది, పది, పదకొండు.

టోపీ పెట్టుకున్నాడు. పెదవి ఆనించకముందే క్లారినెట్ అందుకుంది.

సింధూరి తన పెట్టెని కుర్చీ కిందికి తోసేసింది.