కత్తెర ఎవరి చేతికి?

నొమిన్ పొయ్యి మీది ఉప్పు టీని గరిటెతో ఎత్తి పోస్తుంటే, అత్త ఖాండ్ గుడారం గుమ్మంలోంచే చెప్పేసింది.

"అమ్మాయీ, ఇవాళ నువ్వు కత్తెర ముట్టుకోకు. చుట్టాలంతా వస్తున్నారు. నీ జబ్బు సంగతి నీకు తెలిసిందేగా."

ఇవాళ నొమిన్ కూతురు, రెండేళ్ళ అనుజిన్‌కు పుట్టువెంట్రుకలు తీసే పండగ. నీలిపట్టు కట్టిన కత్తెరతో చుట్టాలంతా తలా ఒక పాయ కత్తిరించి దీవిస్తారు, ఒక్క కన్నతల్లి తప్ప! నొమిన్‌కు ఒళ్ళు మండింది. హెపటైటిస్ బి ఉందని కడుపుతో ఉన్నప్పుడు తేలింది. ఆనాటి నుంచి ఎర్రరంగు పూసిన గిన్నె ఒకటి ఆమెకు వేరుగా పెట్టారు. ఆమె పితికిన పాలు కావాలి, ఆమె ఏరుకొచ్చిన పిడకలు కావాలి, ఆమె పిసికిన పిండితో చేసిన మాంసం కుడుములు లొట్టలేసుకుంటూ తింటారు, ఆమె తాగిన గిన్నె మాత్రం పనికిరాదట. ఎంత విడ్డూరం! తిండితో అంటదు, రక్తంతో, పడకతో అంటుతుంది, టీకా వేయించుకోమని నర్సు మొత్తుకుంటే భర్త సైఖన్ పకపకా నవ్వాడు. "గుర్రమ్మీద పెరిగినవాణ్ణి, నాకు సూదేమిటే!" అదే మనిషి వసంతం రాగానే ఒక్క మేకనూ వదలకుండా కొమ్ములు పట్టి సూదులు పొడుస్తాడు.

అనుజిన్‌కు మాత్రం పుట్టిన పూటే నొమిన్ పట్టుబట్టి టీకా వేయించింది, తర్వాతవీ తప్పనివ్వలేదు. మొన్ననే పరీక్షలో తేలింది. బిడ్డకు జబ్బు లేదు, ఇక రాదు కూడా. ఆ రోజు ఆమె దారంతా పాడుకుంటూ ఇల్లు చేరింది.

చుట్టాలు కూర్చున్నారు. ఖాండ్ కత్తెర అందుకోబోతే నొమిన్ ముందే తీసుకుంది.

"ఆగండత్తయ్యా. నా వల్ల నా బిడ్డకు భయం లేదు. భయమున్నది మీకే. అందుకే నర్సమ్మను పండక్కి పిలిచాను. వేలికొన రక్తం చూపించుకుని, సూది కావలసినవాళ్ళు వేయించుకుని రండి. కత్తెర అప్పుడిస్తాను."

ఖాండ్ మనవరాలి జుట్టు వంక చూసింది, కత్తెర వంక చూసింది. చివరికి తన చొక్కా చెయ్యి పైకి లాగి కొడుకు మీద విరుచుకుపడింది.

"ఏరా, నీ పౌరుషం మేకల మీదేనా? రా ఇటు!"

రక్తంలో ఏమీ లేదని తేలాక సైఖన్ కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. సూది దిగగానే అతను పెట్టిన కేకకు చుట్టాలంతా కడుపు పట్టుకుని నవ్వారు. నొమిన్‌కు నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళయిందో ఇలా నవ్వి! అనుజిన్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొదటి పాయ తనే కత్తిరించింది.

"అమ్మాయీ, టీ పొయ్యవూ?" అంది ఖాండ్, సూది వేయించుకున్న చెయ్యి రుద్దుకుంటూ.

నొమిన్ కదల్లేదు.

"పొయ్యి మీదే ఉంది, పోసుకోండి అత్తయ్యా. ఎర్రగిన్నె ఖాళీగానే ఉంది."