నా జాతికి రెండు ఫీట్లు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట ఉంటుంది. టీవీకి ల్యాప్‌టాప్ తగిలిస్తారు. బావగారు కథ చెబుతూ దారిలో రాక్షసుల్ని పెడతారు. తోడికోడలు, మా ఆయన, నేను తలొక పాత్రని నడుపుతాం. ఎవరి పాత్ర పేజీ వాళ్ళ ఫోన్లో ఉంటుంది. పాచికలు కూడా ఆ ఆట సైటే వేస్తుంది.

నాకీ ఆట మీద మోజు లేదు. పాప పుట్టాక భయం తప్ప ఇంకేమీ పట్టని మనిషినైపోయానని, కాస్త మనసు మళ్ళుతుందని మా ఆయన కూర్చోబెట్టాడు. మొదటి పాత్రకి ఏం పేరు పెట్టాలో తోచక మా పాప ముద్దుపేరే పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మూడో వారం మా పాత్రలన్నీ తోడేళ్ళ నుంచి పారిపోయి ఒక కోటలోకి దూరుతున్నాయి. సరిగ్గా నా వంతు వచ్చేసరికి లోపలి గదిలో పాప దగ్గింది. పరుగెత్తాను. ఒక్క దగ్గే. అయినా ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లెక్కపెట్టి, చంకనేసుకుని తిరిగొచ్చాను. ఈలోగా అక్క కోట తలుపు మూసేసింది. తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. ఆటలో ఆమెది రాణి పాత్ర. మూడేళ్ళుగా కంటికి రెప్పలా పెంచుకుంటోంది. నా పాత్ర తోడేళ్ళతో బయట ఉండిపోయింది, దాని పేజీ బూడిద రంగుకి తిరిగింది.

నన్ను చూసి అక్క మా పాప ముద్దుపేరు పలికింది. దాని పక్కన చావు మాట చేర్చింది. తీరిగ్గా, గోళ్ళు చూసుకుంటూ. అన్నది పాత్రనేనని నాకూ తెలుసు. కానీ ఆ పేరున్న పిల్ల నా చంకలో ఉంది. ఆ రెండు మాటలూ కలిపి ఇక్కడ రాయమన్నా నా చెయ్యి రాదు.

అందరూ నవ్వారు, మా ఆయనతో సహా. రూల్స్ చదువుకుని రావాలి మరి, అని అక్క ముక్తాయించింది. ఆమె బళ్ళో లెక్కల టీచరు. నేను పదో తరగతి మధ్యలో మానేసినదాన్ని. ఆ దెప్పు నాకు కొత్తది కాదు, దులిపేసుకున్నాను. మొదటి మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ రాణిని నా చేత్తో చంపాలి, లేదా ఆ మాటని ఆమె వెనక్కి తీసుకోవాలి. ఈ రెండింట్లో ఏదో ఒకటి జరగందే నాకు అన్నం సయించదనుకున్నాను.

రూల్స్ ఇంగ్లీషులో ఉన్నాయి. పాప పాలు తాగుతుంటే ఒక చేత్తో ఫోను పట్టుకుని, తెలియని మాటకల్లా అర్థం వెతుక్కుంటూ రోజుకొక పేజీ చదివాను. పప్పు రెండుసార్లు మాడింది.

ఫీట్ అంటే పాత్రకి ఉండే ప్రత్యేకమైన నేర్పు. ఆటలో ప్రతి పాత్రా రాతి మనుషులో నీటి మనుషులో, ఏదో ఒక జాతికి చెందాలి. ఏ జాతి ఫీట్లు ఆ జాతివే. మనం సొంతంగా కల్పించుకునేది కస్టమ్ జాతి. మా ఇంట్లో దాని జోలికి ఎవరూ పోరు. ఒకసారి మా ఆయన తీసుకుంటే నాలుగే ఫీట్లు వచ్చాయట. అవీ వంట బాగా చేయడం, గుర్రాన్ని మచ్చిక చేసుకోవడం లాంటివి. అది ఊరూ పేరూ లేని జాతి అని తేల్చేశారు.

తప్పెక్కడో నాకు పదమూడో రోజున దొరికింది. జాతికి పేరు రాయగానే వీళ్ళు తిన్నగా ఫీట్ల పేజీకి పోతున్నారు. పేరు కింద చిన్న బాణం గుర్తుంది. నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. నీ జాతి ఎవరికి చుట్టమో అందులో గుర్తు పెట్టాలి. రెండు జాతుల దాకా పెట్టుకోవచ్చు. పెడితే ఆ రెండింటి ఫీట్లూ మనవే. చదువుకున్నవాళ్ళు గబగబా చదువుతారు. నేను కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఆ బాణాన్ని కూడా వదల్లేదు.

రాతి మనుషులకీ నీటి మనుషులకీ చుట్టరికం కలిపాను. రాతి వైపు నుంచి విడవని పట్టు అనే ఫీట్ తీసుకున్నాను. అది ఉన్నవాళ్ళు ఎవరినైనా పట్టుకుంటే, తమంతట తాము వదిలితే తప్ప ఆ పట్టు ఊడదు. నీటి వైపు నుంచి నీళ్ళలో ఊపిరి తీసుకోవడం. సైటు రెండింటికీ పచ్చ టిక్కు పెట్టింది. మా ఇంటి కట్టడి ఏమిటంటే, సైటు ఒప్పుకుంటే బావగారు ఒప్పుకున్నట్టే. ఏడాది కిందట ఒక ఫీట్ చెల్లుతుందా లేదా అని అన్నదమ్ములిద్దరూ నెల్లాళ్ళు మాట్లాడుకోలేదట. అప్పటి నుంచి ఈ నియమం.

కొత్త పాత్రకి పేరు పెట్టలేదు. పేరు గడిలో ఒక చుక్క పెట్టాను. కస్టమ్ జాతి అనగానే బావగారు జాలిపడ్డారు.

"వంట ఫీటు తీసుకున్నావా చెల్లీ? దారిలో ఆకలేస్తే పనికొస్తావు" అంది అక్క.

నాలుగు ఆదివారాలు ఆ రాణి మూటలు మోశాను. ఆమె దెబ్బలకి కట్లు కట్టాను. అయిదో ఆదివారం నది వచ్చింది. రాణికి ఒంటి నిండా ఇనుప కవచం, ఈత రాదు. చెయ్యివ్వు అక్కా, దాటిస్తానన్నాను. ఇచ్చింది, పట్టుకున్నాను. నడి నదిలోకి వెళ్ళాక, నేను ఇక్కడ నది అడుగున కూర్చుంటున్నానని చెప్పాను.

కూర్చోవడమేమిటమ్మా అన్నారు బావగారు. రెండు ఫీట్ల పేర్లూ చెప్పాను. ఆయన నా పేజీని టీవీ మీద తెరిచి చదివారు. మళ్ళీ చదివారు. రాణికి అయిదు వంతుల ఊపిరే ఉందన్నారు మెల్లగా.

అక్క నవ్వుతూనే మొదటి వంతు పాచిక నొక్కింది. రెండో వంతుకి నవ్వు ఆగింది. మూడో వంతులో మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. కాలు వెనక్కి లాక్కున్నాను.

"ఏం కావాలే నీకు?" అంది అక్క నాలుగో వంతులో.

"ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకో."

"ఏ మాట?"

నటిస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. నటన కాదు. నిజంగానే గుర్తులేదు.

"రూల్స్ చదువుకోమన్నానే, అదా? సరే, నాదే తప్పు."

"అది కాదు."

"మరేంటో చెప్పు. చెబితే వెనక్కి తీసుకుంటాను కదా."

చెప్పాలంటే ఆ పేరు పక్కన ఆ మాటని నేను పెట్టాలి. కన్నతల్లిని, నా నోటితో. పక్క గదిలో పాప నిద్రపోతోంది. చెప్పెయ్యమ్మా, మూడేళ్ళ పాత్ర, అని బావగారు బతిమాలారు. పట్టు ఉంచాలా వదలాలా అని ఫోను అడిగింది. ఉంచాలని నొక్కాను. టీవీ మీద రాణి పేజీ బూడిద రంగుకి తిరిగింది.

అక్క ఏడ్చింది. నిజం కన్నీళ్ళే. జాలి కలిగిందని అబద్ధం చెప్పను.

అప్పటి నుంచి ఆమెకి అదే ధ్యాస. గిన్నెలు తోముతుంటే పక్కకొస్తుంది, మెట్ల మీద ఆపుతుంది. పాపకి నీ పాలు చాలడం లేదన్నాను, అదా? మీ అమ్మని మాటన్నాను, అదా? ఒక్కొక్కటే తవ్వి తీసి నా ముందు పెడుతోంది. కాదంటాను. రాత్రుళ్ళు ఆమెకి నిద్ర ఉండటం లేదట, చెప్పేస్తే నీ సొమ్మేం పోయిందని మా ఆయన గొణుగుతున్నాడు.

నిన్న బట్టలు ఆరేస్తుంటే వచ్చి నిలబడింది. నేను ఆస్పత్రిలో పురిటి నొప్పులు పడుతున్నప్పుడు, బయట వరండాలో మా ఆయనతో నా గురించి అన్న మాట ఒకటి తలొంచుకుని చెప్పింది. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. పాప గౌను తీగ మీద వేసి, రెండు క్లిప్పులు పెట్టాను.

"అది కూడా కాదు అక్కా. ఇంకా ఆలోచించు" అన్నాను.