చుక్కలక్క చూపు

ఆమె కళ్ళు తీసింది దీపం కాదు, మీరు. విచారణ సంఘం పేరుతో మెత్తటి కుర్చీల్లో కూర్చున్న ఐదుగురూ, మీకంటే ముందు ఆ సంస్థను ఏలినవాళ్ళూ, "కాంట్రాక్టు మనుషులకు కళ్ళద్దాలు వర్తించవు" అని ఫైలు మీద రాసిన ఆ చెయ్యీ. మీ వరసలో అందరికంటే ముందు నిలబడాల్సినవాడు ఇంకొకడున్నాడు. అతన్ని బురదసారు అంటారు.

బురదసారు రసాయన శాస్త్రవేత్త. భూమి మీద ఉత్త రాయీ బురదా ఎండా తప్ప ఏమీ లేని రోజుల్లో, వాటిలోంచి ప్రాణం ఎలా పుట్టిందా అని ఇరవై ఆరేళ్ళు వెతికాడు. గాజుపలక మీద పల్చగా బురద పూసి, చిన్న చిన్న అణువులు కలిపిన నీళ్ళు వేసి, ఆనాటి ఎండలా కళ్ళు మాడ్చే అతినీలలోహిత వెలుగిచ్చే దీపం కింద పెట్టేవాడు. బురద ఎండితే అణువులు పూసల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మళ్ళీ తడిపితే ఇంకొన్ని వచ్చి చేరతాయి. తొందరపడి తడిపితే దండ తెగుతుంది, ఆలస్యం చేస్తే దీపం మాడ్చేస్తుంది. మిగతావాళ్ళ దండలు పది పూసల దగ్గర చతికిలబడితే, అతని దండ నలభై దాకా వెళ్ళింది. అది రాసిన వ్యాసంతో అతని పేరు మోగిపోయింది.

పలకలను పొద్దున తొమ్మిదికి, ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి తడిపామని వ్యాసంలో రాశాడు. తడిపింది మాత్రం అతను కాదు, చుక్కలక్క. అక్కడ అటెండరు. పదిహేడేళ్ళు డ్రాపరుతో చుక్కలు వేసింది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. తనకంటే పన్నెండేళ్ళు చిన్నదైనా అతనూ అక్కా అనే పిలిచేవాడు. నేను అక్కనైతే మీరింకా నిక్కర్లో ఉండాలి సారూ అని ఆటపట్టించేది. కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఆమె అప్పుడప్పుడూ చెప్పేది. చన్నీళ్ళతో కడుక్కోమనేవాడు. ఆ వెలుగును ఆపే కళ్ళద్దాల కోసం ఆమె రెండుసార్లు అర్జీ పెడితే ఆఫీసుకు పంపాడు, ఆఫీసు కుదరదంది. అంతటితో అతనూ ఊరుకున్నాడు. తన కళ్ళద్దాలు మాత్రం దీపం పెట్టె పక్కనే మేకుకు వేలాడుతుండేవి. వారానికోసారి వచ్చి, అవి పెట్టుకుని, నాలుగు నిమిషాలు చూసి వెళ్ళేవాడు.

నిరుడు సంస్థ ఏడుగురు కాంట్రాక్టు మనుషుల్ని ఇంటికి పంపింది. అందులో చుక్కలక్క ఒకతె. ఆమె చోటికి గడియారం ప్రకారం చుక్కలు వేసే యంత్రం వచ్చింది. అది చేసిన దండ ఎనిమిది పూసలు. వేరే మూడు ప్రయోగశాలల్లో చేసి చూస్తే తొమ్మిది, ఏడు, ఎనిమిది. దాంతో బురదసారువి దొంగ లెక్కలన్న మాట పుట్టింది. విచారణ సంఘం కూర్చుంది. మీ ఛైర్మన్ అతనితో కలిసి చదువుకున్నవాడే. పక్కకు పిలిచి, చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"అటెండరు వేళ పాటించలేదని ఒక్క కాగితం రాసివ్వవయ్యా. తప్పు ఆవిడ మీదకు పోతుంది. నువ్వు బయటపడతావు."

బురదసారు కాదనలేదు. తెల్లకాగితం జేబులో పెట్టుకుని, ఆమె నోటితోనే ఆ మాట అనిపిద్దామని ఆమె ఇంటికి వెళ్ళాడు.

మూడో అంతస్తులో ఒక్క గది, మధ్యలో తెర. కోడలు తలుపు సగమే తీసింది. చుక్కలక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ముఖం వెలుతురు వైపే ఉంది కానీ అతని వైపు తిరగలేదు.

"ఎడమ చెప్పు ఇంకా ఈడుస్తున్నారే. కుట్టించుకోలేదా సారూ?"

అప్పుడు చూశాడు ఆమె కళ్ళను. నల్లగుడ్డు మీద గరుకు గాజులాంటి తెల్లటి పొర. చూపు పోయి ఆర్నెల్లయిందని, ఏ వెలుగు దగ్గర పనిచేశావమ్మా అని డాక్టరు అడిగాడని కోడలు చెప్పింది.

కూర్చోమని ఎవరూ అనకపోయినా బురదసారు కూర్చున్నాడు. విచారణ సంగతి, జేబులో కాగితం సంగతి దాచకుండా చెప్పాడు. గడియారం చూసే తడిపేదానివా అక్కా అని అడిగాడు. ఆమె నవ్వింది.

"గడియారం చూసి ఎండుతుందా సారూ, బురద? ముసురు రోజు ఒకలా, ఎండ రోజు ఒకలా. నేను అంచు చూసేదాన్ని. పాత గోడకు సున్నం పెచ్చు లేవబోయే ముందు కాస్త మెరుస్తుంది చూడండి, అలా మెరిసేది. అప్పుడు వేసేదాన్ని చుక్క. రిజిస్టర్లో మటుకు మీరు చెప్పిన టైమే రాసేదాన్ని. లేకపోతే కోప్పడతారు కదా."

ఇరవై ఆరేళ్ళ చదువు అతని ఒళ్ళో కుప్పకూలింది. తను కనిపెట్టాననుకున్నది ఆమె కనిపెట్టింది. అదీ పెట్టె తలుపు తీసి, ముఖం లోపలికి పెట్టి, రోజుకు ఎన్నిసార్లో. దీపం ఆర్పి చూడాల్సింది కదా అనబోయాడు. 'దీపం ఆర్పరాదు' అని ఆ పెట్టె మీద అంటించిన చీటీలో చేతిరాత తనదే.

"మీ కళ్ళద్దాలు మేకుకు వేలాడేవట కదా," అంది కోడలు. "రోజూ వాటిని తుడిచి పెట్టడం కూడా మా అత్తమ్మ పనేనట."

చుక్కలక్క కోడల్ని కసిరింది. అతనితో మెల్లగా అంది. "నా మీదే రాసేయండి సారూ. ఉద్యోగం ఎలాగూ పోయింది, చూపూ పోయింది. ఇంక నా దగ్గర ఏముందని పీకుతారు?"

అతను కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాశాడు. రాసింది ఆమెకు చదివి వినిపించాడు. వేళలు అబద్ధం, దండలు నిజం. పద్ధతి ఆమెది, వ్యాసంలో మొదటి పేరు ఆమెది కావాలి. ఆమె కళ్ళు పోవడానికి నేనూ, ఈ సంస్థా కారణం. ఆమె చివరివారం చేసిన పదకొండు పలకలు శీతలపెట్టెలో ఉన్నాయి, ఎవరైనా పూసలు లెక్కపెట్టుకోవచ్చు. కింద సంతకం.

మర్నాడు ఛైర్మన్ అది చదివి నాలుగు మడతలు పెట్టాడు. ఇది బయటికొస్తే నువ్వూ ఉండవు, సంస్థా ఉండదు అన్నాడు. మధ్యాహ్నానికల్లా బురదసారును పనిలోంచి తీసేశారు. ప్రయోగశాలకు తాళం వేసి, కరెంటు కట్టేశారు. పదిహేడేళ్ళు ఆమె ఆర్పడానికి వీల్లేని దీపం ఒక్క మీట నొక్కగానే ఆరిపోయింది.

దాంతోపాటు శీతలపెట్టె కూడా ఆగిపోయింది. అందులో పలకలు చెమర్చడం మొదలయ్యే ఉంటుంది. చెమ్మ తగిలితే బూజు వస్తుంది. ప్రాణం లేని కాలపు దండలు ఈనాటి బూజుకు ఒక్కపూట తిండి. ఆ తర్వాత దొంగ లెక్కలని మీరు రాయబోయే తీర్పే నిజమైపోతుంది. ఆమె పేరు, అతని పేరు, ఆ రెండు కళ్ళు, అన్నీ ఒకే చెత్తబుట్టలోకి పోతాయి.

కాబట్టి తీర్పు తర్వాత రాసుకుందురు గానీ, ముందు తాళం తియ్యండి. కరెంటు ఇవ్వండి. ఆ పదకొండు పలకలనూ బయటివాళ్ళ ముందు పెట్టి లెక్కించండి. నాలుగు మడతల కాగితాన్ని విప్పి గోడకు అంటించండి. ఆమె కళ్ళకు వైద్యం మీరే చేయించండి. అలాంటి దీపాల దగ్గర ఇప్పటికీ వట్టి కళ్ళతో నిలబడ్డ ప్రతి మనిషికీ అద్దాలివ్వండి. ఇవాళే. బూజు మీ తరవాతి సమావేశం దాకా ఆగదు.