ఎడమవైపు పలక

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. షాహనా తయారు చేసిన పూత ఇంట దివ్యంగా గెలిచింది. రచ్చకు పోగానే బోర్లా పడింది.

ఇల్లంటే నెల్లూరు పక్కన వెంకటాచలంలో ఆమె పరిశోధన చేసే కాలేజీ ల్యాబు. రచ్చంటే సముద్రం ఒడ్డున ఉన్న ఓ ఐసు ఫ్యాక్టరీ మిద్దె. సోలారు పలకల్లో పల్చటి పొర రకం ఒకటుంది. గాజు మీద వెంట్రుక కన్నా సన్నటి పొరలు పరిచి చేస్తారు. ఖర్చు తక్కువే. కానీ పొర మరీ పల్చన కాబట్టి, పడిన ఎండలో కొంత పట్టుబడకుండా జారిపోతుంది. షాహనా ఆ గాజు మీద కంటికి కనిపించనంత చిన్న బుడిపెలతో ఒక పూత వేసింది. బుడిపెల మధ్య చిక్కిన వెలుగు వెనక్కి పోలేక పొరలోకే దిగుతుంది, కరెంటు పెరుగుతుంది. చెప్పడానికి రెండు ముక్కలు. చెయ్యడానికి ఆమె పడుచుతనంలో సగం పోయింది.

మిద్దె మీద రెండు పలకలు బిగించారు. ఎడమవైపుది పూత వేసిన పలక, కుడివైపుది మామూలుది. రెండింటి లెక్కలూ ఎప్పటికప్పుడు ఆమె ఫోనుకు వస్తాయి. మొదట్లో ఎడమది బాగా ముందుంది. తర్వాత మెల్లగా జారడం మొదలుపెట్టి, చివరికి మామూలు పలక కన్నా కిందికి పోయింది. షాహనా పూతను ల్యాబులో ఉప్పునీటి ఆవిరిలో పెట్టింది, ఎండలో మాడ్చింది, వానలో నానబెట్టింది. చెక్కుచెదరలేదు. అదే పూత సముద్రం పక్కన ఎందుకు చస్తోందో అంతు చిక్కలేదు. పాళ్లు మార్చి మార్చి కొత్త పూతలు చేసింది, మంచివాటిని కూడా అనుమానంతో పారబోసింది. రాత్రి అన్నం దగ్గర వాళ్ల నాన్న చోటే సాహెబ్, నెల్లూరులో టైలరు, "ఏమ్మా, నీ అద్దం ఎక్కిందా, దిగిందా?" అని అడిగేవాడు. పళ్లెం విసిరికొట్టాలనిపించేది.

ఇక ఆమె గైడు మధుబాబు ఓపిక కూడా అయిపోయింది. సోమవారం తానే వచ్చి చూస్తానని, ఎడమ పలక అప్పటికీ వెనకబడి ఉంటే పనిని అక్కడితో ఆపేస్తానని తేల్చి చెప్పాడు. ఆపేస్తే అంతే, ఆ పూతకు మరో మిద్దె దొరకదు.

ఆదివారం పొద్దున షాహనా స్కూటరేసుకుని తీరానికి పోయింది. బిగించిన నాడు పోవడమే, మళ్లీ పోలేదు. లెక్కలు ఫోనులోకే వస్తుంటే అంతదూరం దేనికనుకుంది. మిద్దె ఎక్కేసరికి వాచ్‌మన్ ఆదెయ్య ఎడమ పలక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పడవల మీద పనిచేసిన మనిషి. చేతిలో గుడ్డ, పక్కన సీసా.

"ఏం చేస్తా ఉండావు తాతా?"

"నూనె పూస్తా ఉండానమ్మా. నువ్వే గదా చెప్పినావు, ఎడమపక్కది నాది, కొంచెం బాగా చూసుకోమని. ఈడ ఉప్పుగాలికి నూనె పెట్టకుంటే ఏదన్నా నిలస్తాదా? పడవ ఇంజను కూడా ఇట్టనే కాపాడుకునేవోళ్లం." కుడివైపుది చూపించాడు. "అది ఎవురిదో. దాని జోలికి పోలా."

షాహనా పలక మీద చెయ్యి పెట్టింది. నున్నటి బండ మీద జారినట్టు చెయ్యి జారింది. నూనె బుడిపెల సందులు పూడ్చేసింది. నూనెకు ఇసుక అంటుకుంది. ఆ ఇసుకను ఆదెయ్య రోజూ గుడ్డతో రుద్ది రుద్ది, బుడిపెలనే అరగదీశాడు. కడిగినా ఇక తిరిగి రావు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు ఇక్కడుంటే ఇన్నాళ్లూ ల్యాబంతా గాలించింది. ఒళ్లంతా మండిపోయింది. సీసా లాక్కుని ఇసుకలోకి విసిరేసింది.

ఆదెయ్య మొహం చిన్నబోయింది. "తక్కువ పూసినానా అమ్మా?" అన్నాడు.

ముసలాయన్ను తిట్టడానికి మనసు రాలేదు, అది ఇంకా కోపం తెప్పించింది. మధుబాబుకు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. పూతలో లోపం లేదని, కొత్త పలక ఇస్తే నిరూపిస్తానని బతిమాలింది. ఆయన అంతా విన్నాడు.

"షాహనా, రేపు మనం వీటిని అమ్మేది ఈ తీరంలోనే. ప్రతి మిద్దె మీదా ఒక ఆదెయ్య ఉంటాడు. అందరి చేతుల్లోంచీ గుడ్డ లాక్కుంటావా?"

"సైకిలు టైరులో మేకు దిగితే టైరు మంచిది కాదంటారా సార్?"

"మేకులున్న రోడ్డు మీదే తొక్కాలమ్మా సైకిలు," అన్నాడాయన. "రేపు నేను వచ్చి చూసేదేం లేదు. రెండూ దించి తెచ్చెయ్."

అన్యాయమనిపించింది. ఆయన మాటలో నిజం ఉందనిపించి మరింత ఉక్రోషం వచ్చింది. స్పానరు తీసింది. ముందు కుడి పలకకు తగిలించింది. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆదెయ్య కూడా చెయ్యి వేశాడు. ఇద్దరూ చెమటలు కక్కినా ఒక్క బోల్టూ కదల్లేదు.

ఎడమ పలకకు స్పానరు అక్కర్లేకపోయింది. బోల్టులు వేళ్లకే తిరిగి, నిగనిగలాడుతూ ఊడి వచ్చాయి. ఆదెయ్య వాటిని దోసిట్లో పట్టుకుని ఆమెకు చూపించాడు.

"చూసినావా తల్లీ, నీదానికి ఈసమంత తుప్పు కూడా పట్టనియ్యలేదు నేను."

పలకను గుండెకు ఆనించుకుని, షాహనా మెట్లు దిగింది.