గుమ్మం మీద కన్నున్న పిల్లి

పిల్లి కావాలని బోర్డు మీద రాసింది బ్రేకమ్మే గానీ, ఎలాంటి పిల్లి కావాలో ఆమెను ఎవరూ అడగలేదు. భోజనాల బల్లకు ఒకవైపు ఆమె భర్త, ఇంకోవైపు అతని అక్క కూర్చుని ఫోనులో బొమ్మలు చూస్తూ జాతులు తేలుస్తున్నారు. ఆమె ఒక వాక్యం రాసి బోర్డు వాళ్ల వైపు తిప్పేలోగా మాట వేరే పిల్లి మీదికి పోతోంది. తుడిచి మళ్లీ మొదలుపెడితే అదీ దాటిపోతోంది.

బ్రేకమ్మ అన్నది డ్రైవింగ్ స్కూల్లో ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్లు పెట్టిన పేరు. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీద కాలు ఉన్నా ఆమె తొక్కేది కాదు, గొంతుతోనే బండి ఆపించేది. కిందికి చూస్తూ క్లచ్ వెతుక్కునేవాళ్లను, "రోడ్డు చూడు నాయనా, నీ కాళ్లు నిన్ను వదిలి ఎక్కడికీ పోవు" అనేది. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. భర్త కూడా అలాగే పిలిచేవాడు. గొంతులో క్యాన్సరు వచ్చి, డాక్టర్లు స్వరపేటిక తీసేసినప్పటి నుంచి అతను ఆ పేరు వాడటం లేదు. ఏ పేరూ వాడటం లేదు. "ఇదుగో" అంటున్నాడు.

ఇప్పుడు ఆమె ఊపిరి పీల్చేది మెడ కింద చేసిన రంధ్రం గుండా. దాని మీద జల్లెడ లాంటి మూత ఉంటుంది. పొడి, నూగు లోపలికి పోకూడదు. అందుకే పలకా సుద్దముక్కా వద్దని, మార్కరుతో రాసే చిన్న బోర్డు ఇచ్చారు. పిల్లి సంగతి అడిగినప్పుడు డాక్టరు చెప్పిందీ అదే. పెంచుకోవచ్చు, కానీ బొచ్చు రాల్చే జాతి వద్దు. ముక్కులోకి గాలి పోదు కాబట్టి ఆమెకు వాసన తెలియదు. పిల్లి దొడ్డికి పోయే మట్టిపెట్టెను కంపు వచ్చినప్పుడు కాకుండా గడియారం చూసి శుభ్రం చేసుకోవాలి. వాళ్లుండేది పై అంతస్తులో, గుమ్మం దాటితే మెట్లు. కాబట్టి ఇల్లు కదలని పిల్లి కావాలి.

వదిన బొచ్చు అసలే లేని జాతిని చూపించింది. ఆమె తమ్ముడు ఫోను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈకలు పీకిన కోడిలా ఉందక్కా. దీన్ని పెంచుకోవాలా, పొయ్యి మీద పెట్టుకోవాలా?"

పెట్టిన చోటు నుంచి కదలదంటూ అతను పర్షియన్‌ను చూపించాడు. ఒళ్లంతా బొచ్చేనని వదిన కొట్టేసింది. చివరికి బూడిదరంగులో, పొట్టి బొచ్చుతో ఉన్న జాతి ఒకటి ఇద్దరికీ నచ్చింది. అది ఇంట్లో ఉండటానికే పుట్టిందని, బయటికి పోవాలన్న ధ్యాసే దానికి రాదని అతను చదివి వినిపించాడు.

"దీనికి ఉలుకూ పలుకూ ఉండదట" అన్నాడు. అన్నాక ఆగిపోయాడు.

వదిన ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. బ్రేకమ్మ మార్కరుకు మూత పెట్టింది.

ఆమెకు పిల్లి ఎందుకు కావాలో ఆ ఇద్దరికీ తెలియదు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది కదా, తోడు కోసం అనుకున్నారు. వంటింటి సొరుగులో, తాళాల కింద, టార్చిలైటంత యంత్రం ఒకటి ఉంది. దవడ కింద ఆనించి మీట నొక్కితే అది మోగుతుంది. పెదవులూ నాలుకా కదిపితే ఆ మోతే మాట అవుతుంది. ఎక్కడం దిగడం ఉండదు, ఆడా మగా ఉండదు, ఒకటే శ్రుతి. ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి దాన్ని చేతికిచ్చి, రోజూ ఎవరితోనైనా మాట్లాడితేనే నాలుక దారికొస్తుందని, గోడతో మాట్లాడితే రాదని చెప్పింది.

ఇంటికొచ్చిన రోజే బ్రేకమ్మ వంటింట్లో భర్త వెనక నిలబడి, "టీ తాగుతావా?" అని దాంతో అడిగింది. ట అనబోతే డ వచ్చింది. అతను చేతులు కడుక్కుంటున్నాడు. అతని భుజాలు చెవుల దాకా లేచాయి. కుళాయి కట్టేసి, వెనక్కి తిరగకుండానే, "బోర్డు మీద రాయి. నీకెందుకు శ్రమ" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ఆ తర్వాత ఆమె ఇంట్లో దాన్ని బయటికి తియ్యలేదు.

ఆ మోతకు ఉలిక్కిపడని ప్రాణి ఒకటి దొరికితే మళ్లీ మొదలుపెట్టవచ్చని ఆమె అనుకుంది. దొరక్కపోతే ఈ జన్మకు ఇక బోర్డే. జాతి సంగతి ఆమెకు పట్టలేదు.

సెలవు రోజు ముగ్గురూ పిల్లుల్ని పెంచి అమ్మే ఆవిడ ఇంటికి వెళ్లారు. ముందుగదిలో పెద్ద పిల్లులు, వెనకగదిలో పిల్లలు. బూడిదరంగు పిల్లలను చూడటానికి మిగతావాళ్లు లోపలికి పోయారు. బ్రేకమ్మ ఉండిపోయింది. తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి యంత్రం తీసి దవడ కింద పెట్టుకుంది.

"రా" అంది.

సోఫా మీది బొచ్చుపిల్లి సోఫా కిందికి పోయింది. బూడిదరంగు తల్లిపిల్లి కిటికీ తెర వెనక్కి పోయింది, తోక మాత్రం బయట మిగిలింది. బీరువా మీద పడుకున్న సయామీస్ లేచి కూర్చుంది. దాని ముఖం, చెవులు నలుపు, ఒళ్లు మీగడ రంగు. అది ఆమెను చూసి నోరు తెరిచి అరిచింది. చంటిపిల్ల ఏడుపుకీ తలుపు కిర్రుకీ మధ్య ఉంటుంది ఆ అరుపు. ఆమె మళ్లీ "రా" అంది. అది మళ్లీ బదులిచ్చి బీరువా దిగింది.

అరుపు విని పిల్లుల ఆవిడ బయటికి వచ్చింది. అప్పటికి యంత్రం సంచిలోకి పోయింది, పిల్లి ఒళ్లోకి వచ్చింది.

"అది మాత్రం వద్దండి" అంది ఆవిడ. "తీసుకెళ్లినవాళ్లు తిరిగి తెచ్చి ఇచ్చేశారు. బొచ్చు పెద్దగా రాల్చదు, ఆ గొడవ లేదు. కానీ దీనికి గుమ్మం మీదే కన్ను. ఒంటరిగా వదిలేశామా, ఇల్లు పీకి పందిరేస్తుంది. దీనికి మాట్లాడే మనిషి ఉండాలి."

అప్పటికి భర్తా వదినా కూడా వెనకగదిలోంచి వచ్చారు. బ్రేకమ్మ బోర్డు తీసి "ఇదే" అని రాసింది. ఎందుకని భర్త అడిగాడు. ఆమె ఆ మాట కింద గీత గీసింది.

వదిన గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించినా పక్కింటికి వినిపిస్తుంది.

"ఇంటిపట్టున ఉండే పిల్లిని చూద్దామని వస్తే పారిపోయేదాన్ని ఎంచుకుంది. రేపు అది గుమ్మం దాటితే ఎవరు పిలుస్తార్రా?"

డాక్టర్లు తీసింది గొంతునే, చెవులను కాదు. ఆమె బోర్డు సంచిలో పెట్టి, పిల్లిని ఎత్తుకుని లేచింది.

ఇంట్లో ఆ పిల్లికి మూడు పేర్లు వచ్చాయి. ప్రతిదానికీ వాదిస్తుందని భర్త దాన్ని వకీలు అన్నాడు. వదిన వాగుడుకాయ అంది. బ్రేకమ్మ అమ్మడు అని పెట్టింది. ఆ యంత్రంలో క, ట, త తేలిగ్గా పలకవు, అమ్మడు పలుకుతుంది. ఆ పేరు ఆమె బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు కాబట్టి మిగతా ఇద్దరికీ తెలియదు.

భర్త లిఫ్టు మెకానిక్. పొద్దున అతను పనికి పోగానే సొరుగు తెరుచుకునేది. అన్నం పెట్టేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు, కిటికీలోంచి బళ్లను చూస్తూ ఎవడు గేరు తప్పుగా మార్చాడో చెప్పేటప్పుడు ఆమె మాట్లాడేది. పిల్లి ఒక్కమాటకూ బాకీ ఉంచుకోలేదు. కొన్నాళ్లకు ట, ట లాగే రావడం మొదలైంది. సాయంత్రం తాళం చప్పుడు కాగానే యంత్రం మళ్లీ తాళాల కిందికి పోయేది. పిల్లి సొరుగు ముందు కూర్చుని దాన్ని చూసి అరిచేది.

"అందులో ఏముందే వకీలూ, ఎలుకా?" అనేవాడు అతను.

యంత్రం చేతిలో పట్టుకుని ఆమె రెండు మూడుసార్లు అతని వెనక దాకా వెళ్లింది. ఆ భుజాలు చూసి తిరిగి వచ్చేసింది. పిల్లితో చాటుగా మాట్లాడుతున్నానన్న సంగతి రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమవుతూ వచ్చింది. ఏ తప్పూ చెయ్యకుండానే దొంగ అయినట్టుంది.

ఆ భవనం లిఫ్టు మొరాయిస్తోందని ఇరుగుపొరుగు అడిగితే, ఒక సెలవు రోజు అతనే బాగుచెయ్యడానికి పూనుకున్నాడు. లిఫ్టును ఒక అంతస్తు కింద ఆపి, తమ గుమ్మానికి ఎదురుగా ఉన్న లిఫ్టు తలుపు తెరిచి, అడ్డంగా కర్ర కట్టి, మిద్దె మీది మోటారు గదిలోకి వెళ్లాడు. అదే సమయానికి వదిన మెట్లెక్కి వచ్చింది. రెండు చేతుల్లో సంచులు. మోచేత్తో తలుపు తోసింది. పిల్లి ఆమె కాళ్ల మధ్య నుంచి బయటికి, కర్ర కింది నుంచి చీకట్లోకి పోయింది. కింద లిఫ్టు కప్పు రేకు మీద ధబ్బుమంది. తర్వాత ఏమీ లేదు.

వదిన మెట్ల మొదట నిలబడి మిద్దెకు వినిపించేలా కేక వేసింది. "ఒరేయ్, లిఫ్టు కదపకు. పిల్లి పడింది."

అతను కరెంటు తీసేసి దిగి వచ్చాడు. బోర్లా పడుకుని టార్చి వేశాడు. లిఫ్టు కప్పు మీద గ్రీజులో అడుగుల గుర్తులు ఉన్నాయి, పిల్లి లేదు. కప్పుకూ గోడకూ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి జారితే అట్టడుగు దాకా ఆపేది ఏదీ లేదు. జారకుండా ఎక్కడైనా అతుక్కుని ఉంటే, అదెక్కడో తెలియకుండా లిఫ్టును అంగుళం కదిపినా నలిగిపోతుంది.

"వకీలూ" అని పిలిచాడు. అట్టడుగున పనిచేసేవాళ్లకు ఫోను అక్కర్లేకుండా వినిపించే గొంతు అది. బదులు రాలేదు. వదిన వాగుడుకాయా అని పిలిచింది. పొద్దస్తమానం నోరు మూయని పిల్లి ఆ రోజు నోరు తెరవలేదు. కింది నుంచి ఎవరో లిఫ్టు ఎప్పుడొస్తుందని అడిగారు. ఇంకొకాయన పిల్లి కోసం ఇంతమందిని మెట్లెక్కిస్తారా అన్నాడు. ఇద్దరు ముగ్గురు పైకే వచ్చి మెట్ల మీద నిలబడ్డారు.

"నా పాడు నోరు" అంది వదిన, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆ రోజు ఏం కూశానో అదే అయింది."

బ్రేకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బోర్డు చేతిలో ఉంది, దాని మీద రాయడానికి ఏమీ లేదు. లోపలికి వెళ్లి సొరుగు తెరిచింది.

ఆమె తిరిగి రావడం భర్త చూశాడు. చేతిలో ఉన్నదేమిటో కూడా చూశాడు. మెట్ల మీది మనుషుల వైపు ఒకసారి చూశాడు.

"వద్దులే. నేను పిలుస్తున్నాగా."

ఆమె అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని యంత్రాన్ని దవడ కింద పెట్టుకుంది.

"అమ్మడూ. రా."

ఆ మోత గోడల వెంట అడుగుదాకా పోయి తిరిగి వచ్చింది. లిఫ్టు సంగతి అడుగుతున్నాయన ఆగిపోయాడు. భర్త భుజాలు లేచాయి. పక్కనే ఉంది కాబట్టి ఆమెకు కనిపించింది. మీట మీది వేలు వదులైంది.

అప్పుడు కింది నుంచి, ఎడమవైపు నుంచి, తలుపు కిర్రులాంటి అరుపు వచ్చింది.

అతను టార్చి అటు తిప్పాడు. గోడ, కేబుళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. "మళ్లీ పిలువు" అన్నాడు.

పిలిచింది. బదులు వచ్చింది. అతను నడుముకు బెల్టు తగిలించుకుని కర్ర కింది నుంచి లిఫ్టు కప్పు మీదికి దిగాడు. అరుపు ఆగింది. చీకట్లోంచి అతని గొంతు వచ్చింది.

"ఆపకు బ్రేకమ్మా. పిలుస్తూనే ఉండు."

పిలుస్తూ ఉంది. పిలుపులు అయిపోతే రోజూ దాంతో చెప్పే మాటలన్నీ చెప్పింది. అన్నం పెడతా రమ్మంది. కిందికి చూడకు అంది, రోడ్డు చూడు అంది, నీ కాళ్లు ఎక్కడికీ పోవు అంది. ఒక్కో మాటకు ఒక్కో అరుపు వస్తోంది. ఆ అరుపును పట్టుకుని అతను జరిగాడు. గోడకు బిగించిన ఇనుపకమ్మీ మీద, లిఫ్టుకు తూకంగా వేలాడే బరువులు దిగే దారిలో, అది నాలుగు కాళ్లూ దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. మెడ పట్టుకుని తీశాడు. అది అతని ముంజెయ్యి పొడుగునా గీరింది.

వదిన లిఫ్టు నడిచేదాకా ఉండలేదు. ఇక ఈ జన్మలో ఎక్కనని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. వెళ్లేముందు బ్రేకమ్మ చెయ్యి ఒకసారి పట్టుకుంది.

భర్త వంటింట్లో చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. పిల్లి బల్ల కింద ఒళ్లు నాక్కుంటోంది.

"అమ్మడు అని ఎప్పుడు పెట్టావు?" అన్నాడు వెనక్కి తిరగకుండా. చేతులకు మళ్లీ సబ్బు పట్టించాడు. "ఇన్నాళ్లూ దాంతో మాట్లాడుతున్నావన్నమాట. నాకేమో బోర్డు, దానికేమో మాటలు."

ఆమె మార్కరు మూత తీసింది. రాయమన్నది నువ్వే అని రాయవచ్చు. అది నిజం. రాస్తే, బోర్డు తుడిచినా అతని మనసులోంచి పోదు. మూత మళ్లీ పెట్టేసింది. యంత్రం తీసుకుని అతని వెనక నిలబడింది.

"టీ తాగుతావా?"

ట, ట లాగే వచ్చింది. అతని భుజాలు లేచాయి. మొదటిసారి ఎంత లేచాయో అంతే లేచాయి. అతను నోరు తెరిచేలోగా బల్ల కింది నుంచి పిల్లి జవాబు చెప్పింది.

అతను కుళాయి కట్టాడు. నీళ్లు కారుతున్న చేతులతోనే ఇటు తిరిగాడు.

"నిన్ను కాదు, నన్నడిగింది" అన్నాడు పిల్లితో. తర్వాత ఆమె ముఖంలోకి చూసి, "తాగుతా" అన్నాడు.