జక్రయ్య ఆపేసిన చరణం

నేనూ జక్రయ్యా బుర్రకథ వేదిక మీద నిలబడి ఉన్నాం, అయితే అది వేదికో, ఏరు దాటించే బల్లకట్టు పంటో చెప్పలేను, చెక్కల సందుల్లో నీళ్లు మెరుస్తున్నాయి, ఎదురుగా కూర్చున్న జనం కాసేపు జనంలా, కాసేపు మిరపచేనులా ఊగుతున్నారు. జక్రయ్య పోయి ఏడాదైంది. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఎత్తం.

కాసేపటికి వాడే ఎత్తుతాడు. "ఏందిరా ఈరాసామీ, నా గోతిలో పిడికెడు మట్టెయ్యటానిక్కూడా రాలా?"

"బయల్దేరాన్రా. దార్లో ఎద్దుకొక జోకు చెప్తే, అది నవ్వలేక బండి బోల్తా కొట్టించింది."

"నీ కోతలు పాడుగాను!"

వాడు కథకుడు, నేను పక్కన డక్కీ వాయించే హాస్యపు వంతను, ముప్పై ఏళ్లు అట్లాగే తిరిగాం. కథ మరీ ఏడుపులో పడితే మధ్యలో దూరి నవ్వించడం నా పని. ఒకనాడు, చెలికాణ్ణి పోగొట్టుకున్న గొర్రెలకాపరి శోకం పాడుతూ వాడి గొంతు పూడుకుపోతే, చరణం మర్చిపోయాడనుకుని, "కథకుడి పాటను మేక మేసిందండోయ్!" అన్నాను. జనం పడీపడీ నవ్వారు. వాడు తంబూరా దించి వెళ్లిపోయాడు. ఆ పొద్దునే తమ్ముడు పోయిన కబురొస్తే, ఊరంతా చేరింది కదా అని దిగమింగుకుని వేదికెక్కాడట. ఆ తర్వాత మా ఇద్దరికీ మళ్లీ మాటల్లేవు.

"నాకు తెలవదురా," అంటాను.

"తెలవదని నాకూ తెలుసు. తెలిశాకైనా వస్తావని చూశా."

"ఏ మొహం పెట్టుకుని రాను? నోరు తెరిస్తే ఎకసెక్కమే వస్తది నాకు."

"అయితే వంత పలుకు చాలు. ఆ చరణం అట్టానే ఆగి ఉంది."

ఎత్తుకుంటాడు:

"మందలన్నీ మళ్లి వచ్చె, ఓ చెలికాడా
నీ ఒక్క అడుగు సడే రాదాయె, ఓ చెలికాడా..."

గొంతు మళ్లీ అక్కడే పూడుకుపోతుంది, జనమంతా నా వంక తిరుగుతారు, నాలిక చివర నాలుగు జోకులు వచ్చి వరసలో నిలబడతాయి, ఒక్కదాన్నీ బయటికి రానివ్వను, డక్కీ మెల్లగా తడుతూ "తందాన తాన" అంటాను, వాడు ఊపిరి కూడదీసుకునేదాకా అంటూనే ఉంటాను, వాడు కళ్లు తుడుచుకుని తర్వాతి చరణం అందుకుంటాడు, పంటు కదులుతుంది.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ వసారాలోకొచ్చింది. మంచం పక్కన చింతపండులో గింజలు తీస్తున్న నా భార్య రత్తమ్మ నా మొహంలోకి వంగి చూస్తోంది.

"ఏందయ్యో, ఇందాకట్నించీ తందాన, తందాన అంటన్నావు. మజ్జలో ఒక్క ఎకసెక్కమూ లేదు. ఒంట్లో బాగుందా?"