దమ్మే అన్న ముసలాడు

ప్రెస్సులో అందరూ ఆమెను ప్రూఫులక్క అనేవారు. ఇరవై ఆరేళ్ళు అచ్చుతప్పులు ఏరిన మనిషి. ఆమె కళ్ళుగప్పి ఒక కొమ్ముగానీ వత్తుగానీ పుస్తకంలోకి జారుకున్న దాఖలా లేదు. ఎవరైనా పెళ్ళిపత్రిక చేతికిస్తే ముందు తప్పులు దిద్ది, ఆ తర్వాతే శుభాకాంక్షలు చెప్పేది. అలాంటి మనిషికి ఒకరోజు బల్ల దగ్గర కూర్చుని ఉండగా తలలో రక్తం గడ్డకట్టింది. ముందున్న కాగితం మీద అక్షరాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఆమెకి మాత్రం ఒక్కటీ పరిచయం లేకుండా పోయింది.

కాళ్ళూ చేతులూ నెల తిరక్కుండానే దారికొచ్చాయి. మాట సగం వచ్చింది. చదువు రాలేదు. చూపుకేం లోటు లేదు, గోడ మీద బల్లి తోకతో సహా కనిపిస్తుంది. అక్షరం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ఉత్త గీత. ఇక మాట సంగతి సరేసరి. లోపల మాటలు కిటకిటలాడుతుంటాయి, నోటిదాకా వచ్చేది ఒక్కటే, అదీ పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తుంది. నీళ్ళు అడగబోతే "తలుపు" అంటుంది. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది గనక, వాళ్ళ మొహాల్లో జాలి కూడా బాగానే అర్థమవుతుంది.

కూతురు ఒకటో తరగతి టీచరు. ఊరి ఆ చివర కాపురం. ప్రతి ఆదివారం అట్టముక్కల మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసుకొచ్చేది.

"అమ్మా, ఇదేంటో చెప్పు. అ... అ... అమ్మ! వెరీగుడ్!" అని చప్పట్లు కొట్టి, తల్లి బుగ్గ పుణికేది.

ప్రూఫులక్కకి ఒళ్ళు మండిపోయేది. 'నీకు అక్షరాలు దిద్దించింది నేనే, నా దగ్గరా నీ చప్పట్లు?' అని ఒకరోజు కడిగేద్దామని నోరు తెరిస్తే, "కుర్చీ!" అని వచ్చింది. కూతురు పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చింది. చేసేదేం లేక ప్రూఫులక్క అందులో కూర్చుంది.

ఆ రోజుల్లోనే వచ్చాడు తమ్ముడు, చంకలో ఒక అట్టపెట్టెతో. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఎవరో పాత వీడియో గేమ్ మిషనూ నాలుగు డిస్కులూ తీసుకుపొమ్మన్నారట.

"అన్నీ జపాన్‌వే అక్కా. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆడదామా?" అన్నాడు, టీవీ వెనక వైర్లు తగిలిస్తూ.

'నాకు ఒక్క ముక్క అర్థం కాదు.' నాలుగు నెలల్లో తన ఎదురుగా ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే అనిపించింది ప్రూఫులక్కకి.

తెర నిండా అర్థం కాని రాత. ఆమెకెంత తెలుసో తమ్ముడికీ అంతే తెలుసు. ఆ గదిలో చదువురానివాళ్ళు ఇద్దరయ్యారు! ఆమెకి నవ్వాగలేదు.

మొదటి వారమంతా తిప్పలే. క్రాస్ గుర్తున్న మీట నొక్కితే ఆట వెనక్కి పోతోంది, సున్న నొక్కితే ముందుకి పోతోంది. ఆ సంగతి తేల్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత ఆమె పాత అలవాటు నిద్రలేచింది. పెన్సిల్ పుచ్చుకుని తెర మీద గీతల్ని నోట్‌బుక్కులోకి ఎక్కించసాగింది. అక్షరాలుగా కాదు, బొమ్మలుగా. ఆట ఏదైనా అడిగినప్పుడల్లా రెండు మాటలు కనిపిస్తాయి: వాటిలో జంట కర్రలు ఒకసారే ఉంటే ఔను, రెండుసార్లుంటే కాదు. చుట్ట చుట్టుకున్నది నత్త. కొమ్ములున్నది మేక, దానితో పేరు మొదలయ్యేది తింటే ఆటలో గాయం మానుతుంది. తమ్ముడు ఎన్నిసార్లు చూసినా మేకనీ నత్తనీ కలిపేసేవాడు. ఆమె అతని చేతిమీద ఒక్కటిచ్చుకునేది. ఎంతైనా ప్రూఫులు చూసిన కన్ను.

ఆటలో ఒక ముసలాడుండేవాడు. గుహ ముందైనా, వంతెన ముందైనా, తలుపు ముందైనా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడి "దమే! దమే!" అని అరిచేవాడు.

"విన్నావా అక్కా? దమ్మే అంటున్నాడు! దమ్ముంటే రమ్మంటున్నాడు ముసలాడు!" అని తమ్ముడు తొడగొట్టాడు.

అంతమాట అన్నాక ఆగుతారా? సున్న నొక్కి లోపలికి దూకేవాళ్ళు. చచ్చేవాళ్ళు. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ దూకేవాళ్ళు. అలా రెండు నెలల్లో పదమూడు గుహలు దాటారు. ఆ రెండు నెలల్లోనే, ఎవరూ చెప్పకుండానే, ఆమె మందుల పెట్టెల్ని కూడా నోట్‌బుక్కులోకి ఎక్కించింది. పేరు చదవక్కర్లేదు. రెండు కొండలూ ఒక తోకా ఉన్నది పొద్దున, నడుం విరిగినది భోజనమయ్యాక, బోడిగుండ్లు మూడు వరసగా ఉన్నది పడుకోబోయే ముందు. ప్రెస్సుకెళ్ళే బస్సుని కూడా అలాగే పట్టింది. ఎక్కి, ప్రెస్సుదాకా వెళ్ళి, గేటు చూసి, తిరిగొచ్చింది. ఆ సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్కాతమ్ముళ్ళు ఆటలో ఉండగా కూతురొచ్చింది. అట్టముక్కలు తేలేదు. సంచిలోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇల్లుగలాయనకి ఉత్తరం అమ్మా. నెలాఖరుకి ఖాళీ చేస్తున్నామని. నువ్వు మా ఇంటికొచ్చేస్తున్నావు. సంతకం ఒక్కటి పెట్టెయ్, మిగతావన్నీ నేను చూసుకుంటా."

ప్రూఫులక్క గది చుట్టూ చూసింది. రెండు గదులు, ఒక కిటికీ, తనిష్టమొచ్చినప్పుడు వేసుకుని తీసుకునే గడియ. అవి పోతే ఇక మిగిలేది చప్పట్లే. కాగితం వైపు చూడకుండా ఆట వైపే చూస్తూ కూర్చుంది. తెరమీద ఆఖరి కోట. ముసలాడు చేతులు చాచాడు. "దమే! దమే!"

"పద అక్కా, దమ్మే అంటున్నాడు" అన్నాడు తమ్ముడు.

కూతురు మొహం చిట్లించి ఫోన్ తీసి, ఆ మాట వినిపించి, అర్థం చూసింది.

"దమ్మూ లేదు, గిమ్మూ లేదు మామయ్యా. దమే అంటే వద్దని. లోపలికి వెళ్ళొద్దని మొత్తుకుంటున్నాడు పాపం."

తమ్ముడు నోరు తెరిచాడు. "పదమూడు గుహల దగ్గరా?"

"అన్నిచోట్లా."

ప్రూఫులక్క పడీ పడీ నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అయితే వద్దన్న చోటికల్లా వెళ్ళొచ్చిందన్నమాట తను!

"నవ్వకమ్మా. నా భయం అదే" అంది కూతురు. "ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నారో తెలీకుండా ఇలాగే ఏ మందు బదులు ఏ మందో వేసుకుంటే? నువ్వు ఫోన్ ఎత్తడం ఒక్క నిమిషం ఆలస్యమైతే నాకు ప్రాణాలు పోతున్నాయి, తెలుసా?"

తెలుసు. పిచ్చిపిల్ల, అది ప్రేమేనని తెలుసు. అందుకే ఇంతకాలం బుగ్గ అప్పగించింది. ఇల్లు అప్పగించడం మాత్రం తనవల్ల కాదు.

లేచి మందుల డబ్బా తెచ్చి, అన్నీ బల్ల మీద గుమ్మరించింది. నోట్‌బుక్కు తెరవకుండానే మూడు కుప్పలు పెట్టింది. కూతురు డాక్టరు చీటీ తీసి ఒక్కొక్క పెట్టెనీ సరిచూసింది. మళ్ళీ సరిచూసింది. ఒక్క తప్పు దొరకలేదు. ప్రూఫులక్క దిద్దినదాంట్లో ఎవరికి దొరికింది గనక!

"సరే, మందులు సరే" అంది కూతురు చివరికి, తగ్గకుండా. "అయినా ఒంటరిగా వద్దమ్మా. వద్దు."

ప్రూఫులక్క కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. అందులో ఏం రాసుందో ఒక్క అక్షరం తెలియదు. పెన్ను అందుకుంది. సంతకం పెట్టాల్సిన చోటు కూతురు చూపించింది. ఆమె పెన్ను అక్కడికి వెళ్ళలేదు. మొదటి వరస నెత్తిమీద ఆనింది. అక్కడినుంచి ఆఖరి వరసదాకా తిన్నగా ఒక్క గీత దిగింది. గీత చివర మార్జిన్‌లోకి తిరిగి, చిన్న సున్న చుట్టి, తోక విదిలించింది.

కూతురు చిన్నప్పుడు హోమ్‌వర్కు చేసుకుంది ఆ ప్రెస్సు బల్ల కిందే. ఆ గుర్తుకి అర్థమేమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"తీసెయ్యాలా?" అంది. "ఏది? ఈ వాక్యమా?"

ప్రూఫులక్క తల అడ్డంగా ఊపింది. లోపల మాటలు కిటకిటలాడాయి. ఈసారి రావాల్సిందే వచ్చింది.

"అంతా."